'అరికాళ్లకింద మంటలు' – ఇంటిచాకిరి

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారు (1891–1961) తూర్పుగోదావరి మండలమందలి పొలమూరున జన్మించి, రాజమహేంద్రవరమున చిరకాలము నివసించిరి. వారి 'అరికాళ్లకింద మంటలు' కథను వితంతు వివాహ ప్రబోధముగ పఠించుట పరిపాటి. ఈ అభిప్రాయము సత్యమే కాని సమగ్రము కాదు.

కథానాయిక బాలవితంతువు. పుట్టినింట ఆమెకు అన్నము కలదు, జీతము లేదు. పని కలదు, విరామము లేదు. చాకిరి చేయించుకొనువారెల్లరు అయినవారే. శాస్త్రిగారు ఈ భారమును వర్ణనలతో చెప్పక సంభాషణములచే వినిపించిరి. ఒక్కొక్కరు పురమాయించు పని విడిగ చూచిన స్వల్పమే. పురమాయించువారికి తమ పనియొక్కటియే తెలియును. మొత్తము తెలియునది చేయు మనిషికే. కథకుడు నడుమ కలుగజేసికొనక ఆ మాటలను పాఠకుని చెవిని వేయుటచే మొత్తము మనకును తెలియుచున్నది. శీర్షికయందలి మంటలు నిలువనీయని ఆ పరుగునే సూచించునని తలంచెదను.

రాత్రివేళ ఆమె ఇల్లు విడిచి వీరేశలింగముగారి తోటకు పోవుటను ఈ దృష్టితో చూడవలెను. వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును 1881 డిసెంబరు 11న ఆ నగరముననే జరిపించిరి. అయినను కథానాయికకు వరునికంటె ముందు కావలసినది విముక్తి. ఆమెను అచటికి చేర్చినవాడు బంధువు కాడు, కూలికి బండి తోలు శ్రామికుడు. ఇందలి ఔచిత్యము గమనింపదగినది.

అయితే వివాహానంతరము ఆ చాకిరి తప్పునా యను ప్రశ్నను కథ స్పృశింపదు. సంస్కరణ కథలను పరిశోధించువారు పెండ్లితోపాటు పనిని గూడ లెక్కింపవలసి యున్నది.