అట్ట మీద బుటా, తెర మీద చుక్క

ఎనభైల నాటి ఇంటి కంప్యూటర్లను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ చేతబట్టేవాళ్లకు జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అంటే ప్రత్యేకమైన మక్కువ. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ సంస్థ దీన్ని విడుదల చేసింది. మన దేశంలో పుణెకు చెందిన డెసిబెల్స్ సంస్థ అమ్మింది. టీవీకి తగిలించి, టేప్ రికార్డరు నుంచి ప్రోగ్రాములు ఎక్కించుకునే చిన్న యంత్రమిది. ఆ మక్కువ ఎందుకో మూత తీస్తే తెలుస్తుంది.

రబ్బరు మీటలతో మొదలుపెడదాం. మీటలు 40. మీటకో తీగ చొప్పున వేస్తే 40 తీగలు కావాలి. ఇందులో ఉన్నవి 13. మీటల కింద రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలున్నాయి. ఒకదాని మీద 8 దారులు, రెండోదాని మీద 5. మీట నొక్కినచోట పై దారి కింది దారిని తాకుతుంది. ఎనిమిదైదులు నలభై కాబట్టి, ఏ రెండు దారులు కలిశాయో తెలిస్తే ఏ మీటో తెలిసినట్టే. యంత్రం సెకనుకు 50 సార్లు వీటిని తడిమి చూస్తుంది.

తెర లెక్క ఇంకా ముచ్చటైనది. అడ్డంగా 256, నిలువుగా 192, మొత్తం 49,152 చుక్కలు. ప్రతి చుక్కకూ ఎనిమిది రంగుల్లో ఏదో విడిగా రాసిపెట్టుకోవాలంటే 18,432 బైట్లు పడతాయి. చవక మోడల్లో మొత్తం మెమరీయే 16,384 బైట్లు! అందుకే తెరను అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కలుండే గళ్లుగా విడగొట్టి, గడికి రెండే రంగులు ఇచ్చారు. ఆ రెండు రంగులూ, వాటి మెరుపూ, మిణుకూ ఒకే బైటులో ఇమిడాయి. తెరంతా కలిపి 6,912 బైట్లతో సరిపెట్టారు.

ధర్మవరంలో పట్టుచీర నేసేవాళ్లకు ఈ గళ్ల లెక్క కొత్త కాదు. డిజైన్‌ను ముందు గ్రాఫు కాగితం మీద గళ్లుగా వేసి, తర్వాత మగ్గం మీది జకార్డు యంత్రపు అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట సూది లోపలికి దిగుతుంది, దాని కొక్కెం పడుగు పోగును ఎత్తుతుంది. లేనిచోట అట్ట సూదిని వెనక్కు నెడుతుంది, పోగు కిందే ఉండిపోతుంది. ఒక్క రంధ్రం తప్పితే, బుటా వచ్చిన ప్రతిసారీ అదే చోట అదే పోగు తప్పుతుంది. దాన్నిబట్టే ఏ అట్టో పట్టేస్తారు.

స్పెక్ట్రమ్‌లో రోగం కనిపెట్టేదీ ఇలాగే. తెరకు సంబంధించిన మెమరీ 8 చిప్పుల్లో ఉంటుంది. ప్రతి బైటులోని ఎనిమిది బిట్లను తలా ఒకటి మోస్తాయి. ఒక చిప్పు చెడితే తెర మీద ప్రతి ఎనిమిది చుక్కలకూ ఒక నిలువు చార పడుతుంది. ఆ చార ఎన్నో చుక్క దగ్గరుందో లెక్కపెడితే మార్చాల్సిన చిప్పు ఏదో తేలిపోతుంది. నలభై ఏళ్లు దాటిన యంత్రాన్ని ఒక స్క్రూడ్రైవరు, ఒక సోల్డరింగ్ ఐరన్‌తో ఇంట్లోనే బాగుచేసుకోగలుగుతున్నామంటే, ఆ ఘనత ఏ పని ఎక్కడ జరుగుతుందో అంత తేటగా అమర్చిపెట్టినవాళ్లదే.