బొమ్మలారీ ఇరుసు - ఒక విమర్శ

ఉన్నత పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలలో కనిపించే నమూనాలలో రేడియో తరంగాలతో నడిచే బొమ్మలారీ ఒకటి. విద్యార్థి మీట కదిలిస్తాడు, లారీ ముందుకు పోతుంది, చూడవచ్చినవారు సంతోషిస్తారు. ప్రశంస అంతా రేడియోకే దక్కుతుంది. లారీ అడుగున ఉన్న ఇరుసును గురించి పక్కన పెట్టిన అట్టమీద ఒక్క వాక్యమైనా ఉండదు. ఇది చిన్న లోపం కాదు. రేడియో భాగం కొనితెచ్చినది. విద్యార్థి తన చేతులతో పన్ను పన్నుకూ కలిపి బిగించినది ఇరుసునే.

మెదక్ పట్టణపు విద్యార్థికి ఇరుసును గురించి చెప్పడానికి దూరం పోనక్కరలేదు. ఏడుపాయల జాతరలో తిరిగే ఎడ్లబండిని చూడండి. దాని ఇరుసు తిరగదు. బండికి బిగించి ఉంటుంది. చక్రాలు రెండూ దాని కొనలమీద వేటికవే తిరుగుతాయి. అవి ఊడిపోకుండా కడశీలలు పట్టి ఉంచుతాయి. మలుపులో ఒక చక్రం ఎక్కువ, మరొకటి తక్కువ తిరిగినా పేచీ లేదు. 2022లో అక్కన్నపేట నుండి మెదక్‌కు వచ్చిన రైలుమార్గం మీద ఇందుకు విరుద్ధం. అక్కడ చక్రాలు ఇరుసుతో ఏకమై కలిసే తిరుగుతాయి. చక్రపు పట్టా కొద్దిగా వాలుగా, శంకువు ఆకారంలో ఉండడం వల్ల వంపులో బయటి చక్రం తన పెద్ద వ్యాసం మీద దొర్లి తేడాను సర్దుకొంటుంది. లారీకి ఈ రెండు సౌకర్యాలూ లేవు. లాగడానికి ఎడ్లు లేవు, చక్రాన్నే ఇంజను తిప్పాలి. దారి చూపడానికి పట్టాలూ లేవు. అందుచేత డిఫరెన్షియల్ అవసరమైంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేద్దాం. బొమ్మలారీ వెనుక చక్రాల మధ్య దూరం 15 సెంటీమీటర్లు, చక్రపు వ్యాసం 8 సెంటీమీటర్లు అనుకొందాం. లారీ ఒక పూర్తి చుట్టు తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటె 2 × 3.14 × 15, అనగా సుమారు 94 సెంటీమీటర్లు ఎక్కువ నడవాలి. చక్రపు చుట్టుకొలత 25 సెంటీమీటర్లు కనుక ఇది దాదాపు మూడుముప్పాతిక చుట్లు. వింత ఏమంటే, లారీ తిరిగే వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. పదవ తరగతి విద్యార్థి పరిధి సూత్రంతో దీనిని నల్లబల్ల మీద నిరూపించగలడు. ఇంత చక్కని ఫలితాన్ని అట్టమీద వ్రాయకపోవడం విచారకరం.

వ్రాసేదల్లా 'అసలు లారీ వలెనే' అని. అదీ సరికాదు. జపాను దేశపు తామియా సంస్థ 1993లో వెలువరించిన కింగ్ హాలర్ లారీ 14వ వంతు కొలతలది. కొలతలన్నీ 14వ వంతైతే, పదార్థం అదే అయినప్పుడు, బరువు 2744వ వంతుకు దిగుతుంది. ఇరుసు అడ్డుకోత వైశాల్యం 196వ వంతుకే దిగుతుంది. 10 టన్నుల లారీ 3.6 కిలోలవుతుంది. బొమ్మలో ప్లాస్టిక్ పళ్ళు నిలవడానికి ఇదే ముఖ్య కారణం.

పెట్టెతో వచ్చే సూచనపత్రం ఏ ముక్క తరువాత ఏ ముక్కో బొమ్మలతో చూపుతుంది. ఎందుకో చెప్పడం ఉపాధ్యాయుని పని. అది తెలియనివాడు బిగించగలడు కాని, చెడినదానిని బాగుచేయలేడు. ఉదాహరణకు, వెనుక రెండు ఇరుసులున్న లారీలో మోటారు మూలుగుతున్నది, బండి కదలదు. బ్యాటరీని నిందించి కొత్తది కొంటారు. బండిని పైకెత్తి చూస్తే ఒక ఇరుసు చక్రాలు ముందుకు, రెండవదానివి వెనుకకు తిరుగుతూ ఉంటాయి! క్రౌన్ గేరును పినియన్‌కు కుడివైపున ఉంచవలసినది ఎడమవైపున ఉంచితే చక్రాలు తిరిగే దిక్కు మారుతుంది. రెండు ఇరుసులలోను ఒకే పక్కన ఉండాలి.

మరొక పరీక్ష. చక్రాలు గాలిలో ఉండగా మోటారు నుండి వచ్చే కడ్డీని కదలకుండా పట్టుకొని ఒక చక్రాన్ని తిప్పండి. రెండవది అంతే వేగంతో ఎదురు దిక్కున తిరగాలి. రెండు చక్రాల చుట్ల మొత్తం ఎప్పుడూ క్రౌన్ గేరు చుట్లకు రెట్టింపు. అది సున్న అయితే ఇదీ సున్న. రెండవ చక్రం కదలకపోతే లోపలి చిన్న గేర్లు కలవలేదన్నమాట. అసలు తిప్పడానికే వీలు కాకపోతే ఎక్కడో బిగిసినవి. గుంటలో ఒక చక్రం గాలిలో తిరుగుతూ లారీ ఆగిపోతే మాత్రం చెడినట్లు కాదు. డిఫరెన్షియల్ స్వభావమే అది.

బిగింపు సంగతి వాషరు తేలుస్తుంది. క్రౌన్ గేరు వెనుక పలుచని వాషరు ఒకటి తక్కువైతే పళ్ళు టకటకమని జారి అరిగిపోతాయి. ఒకటి ఎక్కువైతే పళ్ళు ఒరుసుకొని మోటారు వేడెక్కుతుంది. వాషర్లు మార్చి చూసి, చేత్తో తిప్పినప్పుడు పన్ను పన్నుకూ మధ్య వెంట్రుకవాసి ఆట మిగిలేటట్లు అమర్చాలి.