పింగ్ పోతుంది, ఫైలు పోదు

వైఫై గీతలన్నీ నిండుగా ఉంటాయి. వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది. ఆఫీసు వీపీఎన్ కూడా కనెక్ట్ అవుతుంది. మెయిల్‌కి ఫైలు తగిలించి పంపబోతే మాత్రం చక్రం తిరుగుతూనే ఉంటుంది. కస్టమర్ కేర్‌ని అడిగితే ‘రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్’ అంటారు. చుట్టాలిళ్లలో ఇలాంటి ల్యాప్‌టాప్‌లు చూసీచూసీ స్పీడ్ టెస్ట్ జోలికి పోవడం మానేశాను. చిన్నవి పోయి పెద్దవే ఆగుతున్నాయా అన్నది ముందు తేల్చుకుంటాను.

ఇంటి నెట్‌వర్క్‌లో ప్యాకెట్ మామూలుగా 1500 బైట్లు దాటదు. ఆ హద్దు పేరే ఎంటీయూ. పీపీపీఓఈ పద్ధతిలో, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగి నడిచే బ్రాడ్‌బ్యాండ్‌లో, 8 బైట్లు దాని హెడర్లకే పోతాయి. మిగిలేది 1492. వీపీఎన్ ఇంకొంత తింటుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాధారణంగా 1420తో సరిపెట్టుకుంటుంది. ఇక 1500 బైట్ల ప్యాకెట్ వచ్చిందంటే, ఇల్లు మారేటప్పుడు గుమ్మంలో పట్టని బీరువా సంగతే. విడదీసి పంపుదామంటే ‘ముక్కలు చేయొద్దు’ అన్న గుర్తు ముందే వేసి ఉంటుంది. అప్పుడు రౌటర్ దాన్ని పారేసి, ‘ఇంత సైజు లోపు పంపు’ అని ఐసీఎంపీ కబురు వెనక్కి పంపాలి. 1990లో జెఫ్ మొగల్, స్టీవ్ డీరింగ్ ఆర్‌ఎఫ్‌సీ 1191లో రాసిపెట్టిన ఏర్పాటిది. భేషైన ఏర్పాటు. దాన్ని చెడగొట్టింది భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్నీ ఫైర్‌వాల్‌లో మూసేసే బద్ధకం. కబురు అందక, పంపేవాడు అదే సైజు మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటాడు. తెర మీద ఒక్క ఎర్రర్ కూడా కనబడదు.

అందుకే కొలవాలి. విండోస్‌లో పింగ్ కమాండ్‌కి ‘ముక్కలు చేయొద్దు’ అనే మైనస్ ఎఫ్, సైజు చెప్పే మైనస్ ఎల్ 1472 తగిలిస్తాను. ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 కలిపితే సరిగ్గా 1500. జవాబు రాకపోతే అంకె తగ్గించుకుంటూ పోతాను. 1464 దగ్గర వచ్చిందంటే దారి హద్దు 1492. పెద్ద పింగ్‌కి అసలు పలకని సర్వర్లూ ఉంటాయి కనుక ఒక్కదాన్నే నమ్మను. వీపీఎన్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి చూస్తాను. కేబుల్ గుచ్చినా అదే అంకె వస్తే పాపం వైఫైది కాదు. అన్నట్టు, ప్యాకెట్లను పట్టి చూపే వైర్‌షార్క్‌లో నాలుగు వేల బైట్ల ప్యాకెట్లు కనబడి కొందరు బెంబేలెత్తుతారు. నెట్‌వర్క్ కార్డు వాటిని తర్వాత కోసి పంపుతుంది. గాల్లోకి అంత పెద్దవి పోవు.

మందు ల్యాప్‌టాప్‌లో కన్నా రౌటర్‌లో వేయడమే నాకిష్టం. అక్కడ ఎంఎస్ఎస్ క్లాంపింగ్, అంటే టీసీపీ ముక్కల సైజుకి హద్దు, పెట్టి 1492లో హెడర్లు పోగా మిగిలే 1452 ఇస్తే ఇంట్లో ఫోన్లకీ టీవీకీ కలిపి ఒకేసారి పనైపోతుంది. ఇది టీసీపీకే. యూడీపీ మీద నడిచే క్విక్ ప్రొటోకాల్ దీన్ని పట్టించుకోదు, కాకపోతే అది 1200 బైట్ల ప్యాకెట్లతోనే మొదలుపెట్టగలదు. వీపీఎన్ సొరంగం సైజు మాత్రం ల్యాప్‌టాప్‌లోనే తగ్గించాలి. 1400తో మొదలుపెట్టి, కుదరకపోతే 1280 దాకా దిగుతాను. అంతకన్నా కిందికి ఐపీవీ6 ఒప్పుకోదు.