చాలు అనని కప్ప

నాందేడ్‌లో మనిషి పస్తు పడుకోవడం కష్టం. హుజూర్ సాహిబ్ గురుద్వారా లంగరులో వెళ్లి కూర్చుంటే పేరడగరు, ఊరడగరు. చేతిలో రొట్టె పడుతుంది, పళ్లెంలో పప్పు పడుతుంది. ఇక మన తెలుగిళ్ల సంగతి చెప్పక్కర్లేదు. చుట్టం దేగ్లూర్ నుంచి వచ్చినా, నిజామాబాద్ నుంచి వచ్చినా, ‘చాలు చాలు’ అని చెయ్యి అడ్డం పెట్టాక ఇంకో గరిటె వేస్తేనే వడ్డించినట్టు లెక్క. ఈ మర్యాదంతా నీటికప్ప దగ్గర పనికిరాదు. అది చెయ్యి అడ్డం పెట్టదు. వేసినంతా తింటుంది, ఇంకా వేస్తే అదీ తింటుంది. చాలు అనే మాట దాని బదులు మనమే అనాలి. ఈ పెంపకంలో పనితనం ఏదైనా ఉందంటే ముప్పాతిక వంతు అదే.

మా ఇంట్లో రెండు గాజు తొట్లున్నాయి. పెద్దదాంట్లో ఆఫ్రికా గోళ్లకప్ప, చిన్నదాంట్లో ఆఫ్రికా మరుగుజ్జు కప్పలు. దుకాణాల్లో ఈ రెండు జాతులకూ తేడా చూపకుండా ‘అక్వేరియం ఫ్రాగ్’ అని అమ్మేయడం మామూలే. తెల్లటి ఒళ్లు, గులాబీ కళ్లు ఉన్నది గోళ్లకప్పలో ఆల్బినో రకం. పిల్లలు దాన్ని చూశాక ఇక కదలరు. బొటనవేలంత ఉన్నన్నాళ్లు ముద్దుగానే ఉంటుంది. ఆడది ఎదిగితే 10, 12 సెంటీమీటర్లకు వస్తుంది. ఈలోగా తొట్లో ఉన్న గప్పీలు ఒక్కొక్కటే కనిపించకుండా పోతాయి. మరుగుజ్జు కప్ప 4 సెంటీమీటర్లు దాటడం అరుదు, పెద్ద చేపల జోలికి పోదు. కొనేముందు ముందరి చేతులు చూడండి. వేళ్ల మధ్య పొర ఉంటే మరుగుజ్జు. వేళ్లు విడివిడిగా ఉండి, కళ్లు నెత్తి మీద ఉంటే గోళ్లకప్ప. అమ్మేవాడు ఏం చెప్పినా సరే, ఆ వేళ్లు చెప్పిందే నమ్మండి.

గోళ్లకప్ప తింటుంటే చూడాల్సిందే. మన బోదురు కప్పలా నాలుక విసిరి పురుగును లాక్కోవడం దీనికి రాదు, అసలు నాలుకే లేదు. ఒంటి పక్కల వెంట కుట్లు వేసినట్టు చిన్న గీతలుంటాయి. నీళ్లలో ఏది కదిలినా వాటితో పసిగడుతుంది. మేత వాసన తగిలితే రెండు చేతులూ నోటి ముందు ఆడిస్తూ అందినదల్లా లోపలికి తోసుకుంటుంది. ఆ ఊపులో మేతకూ, గులకరాయికీ, తోటి కప్ప కాలికీ తేడా చూడదు. అందుకే తొట్టి అడుగున సన్న గులకరాళ్లు పోయకూడదు. మింగిన రాయి పేగులో ఇరుక్కుంటే కప్ప బతకదు. దాని తలకన్నా పెద్ద రాళ్లు పెట్టాలి, లేదా అడుగు ఖాళీగా వదిలేయాలి. నాది ఖాళీయే. చూసినవాళ్లు బోసిగా ఉందంటారు. శుభ్రం చేసేది వాళ్లు కాదు కదా.

ఈ తిండిపోతు గురించి ఇంత తెలిసిందంటే అది ప్రయోగశాలల పుణ్యం. కేప్‌టౌన్‌లో పనిచేసిన శాస్త్రవేత్త లాన్సలాట్ హాగ్‌బెన్ ఎద్దు పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కిస్తే ఆడ గోళ్లకప్ప గుడ్లు పెట్టడం గమనించాడు. ఇది 1930 నాటి మాట. దాన్నుంచే గర్భ పరీక్ష పుట్టింది. స్త్రీ మూత్రాన్ని కప్ప చర్మం కింద ఎక్కించేవారు. ఒక రోజు తిరగకముందే గుడ్లు పెట్టిందంటే ఆ ఇంట్లో శుభవార్త. 1960లలో కప్ప అక్కర్లేని పరీక్షలు వచ్చేదాకా ఎన్నో దేశాల ఆసుపత్రులకు దక్షిణాఫ్రికా నుంచి ఈ కప్పలు వేల సంఖ్యలో వెళ్లాయి. జాన్ గర్డన్ అనే మరో శాస్త్రవేత్త దీని పిల్లదశలోని పేగు కణం నుంచి కేంద్రకం తీసి, అండంలో పెట్టి, కొత్త కప్పను పుట్టించాడు. ఆ పనికి 2012లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం ఆ ప్రయోగశాలల్లో మేత వేసే మనుషుల మీద గురి ఎక్కువ. ఎదిగిన కప్పకు వాళ్లు వారానికి రెండు మూడు సార్లే మేత వేస్తారు. దానికి అది చాలు. పిల్ల కప్పకైతే రోజూ కొద్దికొద్దిగా.

ఒక్కసారికి ఎంత? దాని తలకాయంత, అంతకు మించి వద్దు. పావుగంట చూసి, మిగిలింది తీసేయాలి. మిగిలిన మేత, కప్ప మలం కుళ్లి అమోనియా అవుతుంది. నీళ్లు తేటగానే కనిపిస్తాయి, మోసం అక్కడే. ఫిల్టరులో అమోనియాను తినే బాక్టీరియా కుదురుకోవడానికి కొత్త తొట్టికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కప్పను ముందు కొని, తొట్టిని తర్వాత కొనేవాళ్లకు ఈ లెక్క రుచించదు. ఫిల్టరు కూడా నెమ్మదిది కావాలి, స్పాంజి ఫిల్టర్ అయితే మేలు. నీళ్లు గలగలా తిరుగుతుంటే ఒంటి మీది ఆ గీతలకు రోజంతా విశ్రాంతి ఉండదు.

మేతలో వానపామును మించింది లేదు. చిన్నప్పుడు గాలానికి గుచ్చిన ఎర్రలే ఇవి. ఎక్కడ తవ్వుతారన్నది ముఖ్యం. అర్ధాపూర్ అరటి తోటల నుంచో, సోయాబీన్ చేల గట్ల నుంచో తెస్తే వాటితో పాటు కొట్టిన మందూ వస్తుంది. వర్మీకంపోస్టు గుంతలోని సన్న ఎర్ర పురుగులు సులువుగా దొరుకుతాయి కానీ వాటి ఒంటి నుంచి చేదు రసం ఊరుతుంది, చాలా కప్పలు ఉమ్మేస్తాయి. నేను పెరట్లోనే ఒక మూల తడి ఆరకుండా ఉంచి అక్కడే తవ్వుకుంటాను. మిగతా రోజులకు నీళ్లలో మునిగే గుళికలు. చికెన్ కొట్టు తునకలు వద్దు, కొవ్వు కప్పకు పడదు. బతికున్న గోల్డ్‌ఫిష్‌ను వేయడం కొందరికి సరదా. ఆ చేపలో విటమిన్ బి1ను చెడగొట్టే ఎంజైము ఉంటుంది, అదే మేతయితే కప్ప నీరసించిపోతుంది. వానాకాలం బకెట్లో పెరిగే దోమ పిల్లలంటే మరుగుజ్జు కప్పలకు పండగ. కాకపోతే డెంగీ తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ బకెట్ ఎందుకుందో వివరించడం తేలిక కాదు.

నీళ్ల విషయంలో మన ఇళ్లకు సొంతమైన ప్రమాదం ఒకటుంది, రాగి బిందె. రాత్రి నింపి పొద్దున తాగితే ఆరోగ్యమని పెద్దలంటారు, మంచిదే. కప్ప నీళ్లను నోటితో తాగదు, చర్మంతో పీల్చుకుంటుంది. మనకు లెక్కలోకి రానంత రాగి కూడా దానికి విషం. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ప్లాస్టిక్ బకెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. ఒకప్పుడు ఫోటో స్టూడియోల్లో వాడిన హైపోయే దుకాణంలో ఈ పేరుతో దొరుకుతుంది. గిన్నెలకు తెల్లగా సున్నం పట్టించే బోరు నీళ్ల గురించి గోళ్లకప్ప విషయంలో అంత బెంగ అక్కర్లేదు. దోమల స్ప్రే మాత్రం ఆ గదిలో కొట్టకండి.

అసలు కష్టం మే నెలలో. గోళ్లకప్పకు 18 నుంచి 22 డిగ్రీల నీళ్లు హాయి. నాందేడ్‌లో మధ్యాహ్నం 42, 43 అంటే వార్త కూడా కాదు. తొట్లో నీళ్లు 30 దాటితే కప్ప మేత మానేస్తుంది, పైకీ కిందికీ తిరుగుతుంది. దీనికి మందు ఇంటి మూలలోనే ఉంది. మరాఠీ ఇళ్లలోనైనా, మన ఇళ్లలోనైనా వేసవికి రంజన్ అనే మట్టికుండ దిగుతుంది కదా. నీరు ఆవిరవుతూ కుండను చల్లబరుస్తుంది. తొట్టి మీద గాజు మూతకు బదులు జాలీ మూత వేసి, నీటి మీదికి చిన్న ఫ్యాను పెడితే అదే పని జరుగుతుంది, మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. మన వేసవి గాలి పొడి గాలి కాబట్టి ఇది సాగుతుంది, కాకినాడలో ఇంత లాభం ఉండదు. ఆవిరైన నీటిని రోజూ పోస్తూ ఉండాలి. తొట్టి కింది అంతస్తులో, పడమటి గోడకు దూరంగా ఉండాలి. జాలీ మీద బరువు తప్పదు, రాత్రిపూట తలతో తోసి బయటపడిందంటే పొద్దుటికి ఎండిపోతుంది. లోడ్ షెడ్డింగ్ రోజుల కోసం ఫ్రీజర్లో నీళ్ల సీసాలు. అదీ ఒకటొకటిగానే, నీళ్లు ఒక్కసారిగా చల్లబడినా చేటే.

ఇంత చెప్పాక నా అభిప్రాయం దాచడమెందుకు? ఈ ఊళ్లో మొదటిసారి పెంచేవాళ్లకు మరుగుజ్జు కప్పే సరైనది. దానికి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి, ఏడాదిలో చాలా నెలలు మన ఊరే ఇచ్చేస్తుంది. లోతు 25 సెంటీమీటర్లు చాలు. అది ఊపిరికి పైకి రావాలి, ఎత్తైన తొట్లో ఆ రాకపోకలకే అలసిపోతుంది. దాని తిండి చిక్కు వేరు. చూపు అంతంత మాత్రం, వాసన పట్టి నెమ్మదిగా వెతుక్కుంటుంది. అది చేరేలోపు చేపలు పళ్లెం ఊడ్చేస్తాయి. కాబట్టి వేరే కాపురం పెట్టాలి. నూనె తగలని కొత్త మట్టి ప్రమిద అడుగున ఉంచి, ఫ్రీజర్లో గడ్డకట్టి ఉన్న బ్లడ్‌వార్మ్ అనే నీటి పురుగులను కరిగించి డ్రాపర్‌తో అందులో వదులుతాను. కొన్నాళ్లకు అవి చోటు గుర్తుపట్టి ప్రమిద చుట్టూ చేరతాయి.

కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయని మా అమ్మ నమ్మకం. అది నిజం కాదు కానీ ముట్టుకోవద్దన్న మాట నిజమే. 2009–11 మధ్య అమెరికాలో మరుగుజ్జు కప్పల తొట్ల నుంచి 200 మందికి పైగా సాల్మొనెల్లా సోకింది, వాళ్లలో చిన్నపిల్లలే ఎక్కువ. తొట్లో చెయ్యి పెడితే సబ్బుతో కడుక్కోవాలి. పెట్టే ముందు సబ్బు అంటకుండా చూసుకోవాలి. తొట్టి నీళ్లు వంటింటి సింకులో పోయకూడదు. వానలు పడకపోతే కప్పను రోకలికి కట్టి, వేపరెమ్మలు చుట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట అమ్మ చూసింది. మరాఠ్వాడా పల్లెల్లో దాన్నే ధోండీ అంటారు; 1956 దాకా ఇటూ అటూ ఒకే హైదరాబాద్ రాష్ట్రం. “కప్పను పట్టుకుని వాన అడిగేవాళ్లం, నువ్వేమో కప్పకే ఫ్యాను పెట్టావు రా” అంటుంది.

ఉచితంగా దొరుకుతుంది కదా అని చెరువు కప్పను పట్టి తొట్లో వేయకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, బోదురు కప్పకు గట్టూ బురదా కావాలి, గాజు గోడల మధ్య ముట్టె కొట్టుకుని పుండు చేసుకుంటుంది. తొట్లోదాన్ని గోదావరిలో వదలడం అంతకన్నా తప్పు. గోళ్లకప్ప చిలీలో, ఫ్రాన్స్‌లో, కాలిఫోర్నియాలో బయటపడి అక్కడి చెరువుల్లో కాపురం పెట్టేసింది. కప్పల జాతులనే తుడిచిపెట్టిన చర్మపు శిలీంధ్రాన్ని పైకి ఏ జబ్బూ కనపడకుండా మోయగలదు. నాందేడ్ ఘాట్ దగ్గర వదిలింది బాసర మీదుగా పోచంపాడు దాకా పోగల దారి అది.

కాబట్టి తెచ్చినవాడే చివరిదాకా చూడాలి. గోళ్లకప్ప ఆయుష్షు 15 ఏళ్లు, బాగా చూసుకుంటే ఇంకా పైనే. పదో తరగతి పిల్లాడు ముచ్చటపడి కొన్నది, వాడు చదువైపోయి పుణేలో ఉద్యోగంలో కుదురుకున్నాక కూడా ఇక్కడ అమ్మానాన్నల దగ్గర మేత కోసం చేతులాడిస్తూనే ఉంటుంది. నా తర్వాత దీని బాధ్యత ఎవరిదన్న చర్చ మా ఇంట్లో ఈ మధ్యే తేలింది. కోడలు ఒప్పుకుంది. బ్లడ్‌వార్మ్ డబ్బా మాత్రం ఐస్‌క్రీం పక్కన పెట్టకూడదట.