ఉపగ్రహశబ్దార్థవిమర్శనము

ఉపగ్రహశబ్దము నేఁడు తెనుఁగుదేశమునఁ బండితపామరసాధారణమైనది. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని తిత్లీ యను తుపాను శ్రీకాకుళమండలమునఁ బలాసప్రాంతమునఁ దీరమును దాఁటినపుడు ఉద్దానపుఁ గొబ్బరితోఁటలు నేలఁ గూలినవి. అట్టి గాలివానల రాకను ముందుగాఁ దెలుపు వార్తలలో ఉపగ్రహచిత్రము, ఉపగ్రహసమాచారము అను మాటలు పలుమాఱు వినఁబడును. సముద్రముమీఁదికి వేటకుఁ బోవువానికి ఈ మాటతోఁ బ్రాణసంబంధము కలదు. కావున దీని యర్థమును విచారించుట పండితుల వినోదమునకు మాత్రమే యని తలఁపరాదు.

ఆంగ్లమునందలి శాటిలైటు శబ్దము ఖగోళశాస్త్రమునందేకాక, రాజనీతియందును, నగరనిర్మాణమునందును, జీవశాస్త్రమునందును వాడఁబడుచున్నది. అనువాదకులు పలువురు అన్నిచోట్లను ఉపగ్రహమనియే పెట్టుచున్నారు. ఉపగ్రహరాజ్యము, ఉపగ్రహపట్టణము, ఉపగ్రహకణము అను మాటలు ఇట్లు పుట్టినవి. ఒక్క మాటకు ఇన్ని యర్థములు పొసఁగునా? పొసఁగినచో ఏ వ్యుత్పత్తిచేతఁ బొసఁగును? ఇదియే యిచట విచారణీయము.

మొదట ప్రాచీనార్థములు. గ్రహధాతువునకు 'ఉప' యను నుపసర్గము చేరి, అప్ప్రత్యయము రాఁగా ఉపగ్రహశబ్దము సిద్ధించును. దగ్గఱకుఁ దీసికొనుట, పట్టుకొనుట అనునవి దీని మూలార్థములు. ఈ మూలమునుండియే వేర్వేఱుచోట్ల వేర్వేఱర్థములు వెలసినవి. అమరసింహుఁడు క్షత్రియవర్గమునఁ బ్రగ్రహశబ్దముతోపాటు దీనిని బందికి, అనఁగాఁ జెఱపట్టఁబడినవానికి, బేరుగాఁ జెప్పెను. నీతిశాస్త్రమునఁ గామందకుఁడు సంధులను పదునాఱుగా లెక్కించి, ప్రాణరక్షణమునకై సర్వస్వము నిచ్చి చేసికొను సంధికి ఉపగ్రహమని పేరిడెను. వ్యాకరణశాస్త్రమునఁ బరస్మైపదాత్మనేపదములకు ఉపగ్రహసంజ్ఞ కలదు. భర్తృహరి వాక్యపదీయ తృతీయకాండమునఁ బండ్రెండవ సముద్దేశమును దీనికే వినియోగించెను. ఋత్విజుఁడు ఇతరునికొఱకు యాగము చేయునపుడు 'యజతి' యనియు, యజమానుఁడు తన ఫలమునకై చేయునపుడు 'యజతే' యనియుఁ బ్రయోగము. క్రియ యొక్కటియే. దాని ఫలము ఎవ్వరికిఁ జెందునో తెలుపునది ఉపగ్రహము.

జ్యౌతిషమున నీ శబ్దము వేఱొక తెఱఁగున నున్నది. ధూమము, వ్యతీపాతము, పరివేషము, ఇంద్రచాపము, ఉపకేతువు అను నైదును అప్రకాశగ్రహములనియు, ఉపగ్రహములనియుఁ జెప్పఁబడును. సూర్యస్ఫుటమునకు 4 రాసులు, 13 భాగలు, 20 కళలు కూర్పఁగా ధూమము వచ్చును. దానిని 12 రాసులనుండి తీసివేయఁగా వ్యతీపాతము వచ్చును. తక్కినవియు నిట్లే గణింపఁబడును. గుళికుఁడు శనికిఁ గొడుకని ప్రసిద్ధి. గుళికకాలము నేఁటికిని బంచాంగములలో వ్రాయఁబడుచున్నది. ఈ గణితమున నొక్కటియుఁ గంటికిఁ గనఁబడు పిండము కాదు. ఇవి గణితముచేఁ గల్పింపఁబడిన స్థానములును, గాలభాగములును మాత్రమే. కాఁబట్టి గుళికుఁడు శనిపుత్రుఁడని చెప్పఁబడినంతమాత్రమున, 1655లో హైగెన్సు దూరదర్శినితోఁ గనుఁగొన్న శని యుపగ్రహమును మనవారు ముందే యెఱిఁగియుండిరని వాదించుట స్వదేశాభిమానమునకుఁ దృప్తి నిచ్చునేమో కాని శాస్త్రమునకుఁ దగదు. పేరు కలసినంతనే వస్తువు కలియదు.

మఱియు మన జ్యౌతిషమునఁ జంద్రుఁడు నవగ్రహములలో నొకఁడు, ఉపగ్రహము కాఁడు. రవియు గ్రహమే. పట్టునది గ్రహమను వ్యుత్పత్తికి వారిరువురును దగుదురు. సూర్యునిఁ జుట్టివచ్చు పిండములకు మాత్రమే గ్రహశబ్దమును బరిమితము చేసిన పిమ్మటనే భూమి గ్రహమగుటకును, జంద్రుఁడు దాని కుపగ్రహమగుటకును వీలు కలిగినది. అనఁగా నేఁటి ఉపగ్రహశబ్దము నేఁటి గ్రహశబ్దము నాశ్రయించి పుట్టినదేకాని, ప్రాచీనోపగ్రహమునుండి వచ్చినది కాదు.

ఇఁక శాటిలైటు శబ్దము. దీని మూలము లాటిను భాషలోని 'సాటెలెస్' అనునది. ప్రభువును వెన్నంటియుండు ఆయుధపాణి యగు నంగరక్షకుఁడని దాని యర్థము. 1610 జనవరిలో గెలీలియో గురుగ్రహముచుట్టును దిరుగు నాలుగు పిండములను గనుఁగొని, మెడిచి ప్రభువంశముపేర వానిని మెడిచి తారలని పిలిచెను. 1611లోఁ గెప్లరు వానికి ఈ లాటినుమాటను వాడెను. ప్రభువునకు భటులెట్లో గురునకు ఈ చిన్నపిండము లట్లని రూపకము. 1957 అక్టోబరు 4న సోవియట్టు రష్యావారు ప్రయోగించిన స్పుత్నికు పేరునకుఁ దోడి బాటసారి యని యర్థము. అందును మనుష్యసంబంధమగు రూపకమే కలదు.

కెప్లరు రూపకమునకు సరియైన మూర్తి శ్రీకాకుళమునకుఁ జేరువనే యున్నది. అరసవల్లి సూర్యనారాయణస్వామికిఁ బద్మ, ఉష, ఛాయ యను దేవేరులతోపాటు, పాదములకడఁ బింగళుఁడు, దండుఁడు అను ద్వారపాలకులు కలరు. అమరసింహుఁడు మాఠరునిఁ బింగళుని దండుని సూర్యుని పారిపార్శ్వికులుగాఁ జెప్పెను. ప్రక్కల నుండి కొలుచువారు పారిపార్శ్వికులు. లాటినుమాటకుఁ దగిన సంస్కృతపదమిది. ఉపగ్రహమను మాటలో ఈ భటుఁడు లేఁడు, అందున్నది గ్రహము. ఆంగ్లేయునకు శాటిలైటు అనఁగా మొదట ననుచరుఁడు, పిమ్మటఁ బిండము. తెనుఁగువానికి ఉపగ్రహమనఁగాఁ బిండము మాత్రమే. ఈ భేదమును గమనింపకపోవుటయే అనువాదకుల చిక్కులన్నిటికి మూలము.

కాఁబట్టి ఉపగ్రహశబ్దములు రెండని యొప్పుకొనవలయును. మొదటిది ధాతువునుండి పుట్టిన కృదంతము; బంది, సంధి, పదసంజ్ఞ యను నర్థములు దానివి. రెండవది గ్రహశబ్దముతోడి సమాసము. సామీప్యార్థమున నవ్యయీభావము చేసినచో అది వస్తువునకుఁ బేరు కాఁజాలదు. కావున గ్రహమును సమీపించి, దానికిఁ దక్కువయై యుండునదని ప్రాదిసమాసము చెప్పుట యుక్తము. ఉపనది, ఉపపురాణము అను వాడుకలును ఇట్టివే. వేగవతియు సువర్ణముఖియు నాగావళికి ఉపనదులనఁగా, ఆ మాటలో నది యున్నది గనుక బాలునకుఁ గూడ నర్థమగును. రూపసామ్యమునుబట్టి రెండు శబ్దములను నిఘంటువులలో నొక్క పదముక్రిందఁ జేర్చి, అర్థములను వరుసగా లెక్కపెట్టుట లోపము. వేర్వేఱు పదములుగాఁ జూపినచో, బందికిని జంద్రునికిని సంబంధమేమని చదువరి వెదకు శ్రమ తప్పును.

1975లో ఆర్యభటను బ్రయోగించిననాఁటికిఁ గృత్రిమోపగ్రహమను మాట యవసరమైనది. కృత్రిమ మనఁగాఁ దెనుఁగున మోసమను నర్థము కలదు గాన నీ మాట తగదని శంక పుట్టవచ్చును. కాని కృఞ్ ధాతువుపై క్త్రిప్రత్యయమును, దానిపై మప్ప్రత్యయమును రాఁగా, చేయుటచే నైనదని మాత్రమే దాని యర్థము. మోసమను నర్థము వెనుక వచ్చినది. కావున నిది సాధువే.

ఇఁకఁ దక్కిన వాడుకలను బరీక్షింపవలయును. ఉపగ్రహపట్టణమను మాట వినినవానికి గ్రహము పట్టిన పట్టణమా యను శంక కలుగును. ఉపనగరమను సులభమైన మాట యుండఁగా దీనితోఁ బనిలేదు. జీవశాస్త్రమున 1961లో మౌరో కండరతంతువు నంటిపెట్టుకొనియుండు కణములకు శాటిలైటు కణములని పేరిడెను. అచట సామీప్యము విషయము. 1962లోఁ గస్సానిస్ వేఱొక వైరసు తోడు లేనిదే వృద్ధిచెందఁజాలని యొక వైరసునకు నీ పేరే పెట్టెను. అచటఁ బరాశ్రయము విషయము. మొదటిదానిని బార్శ్వకణమనియు, రెండవదానిని బరాశ్రితవైరసనియుఁ జెప్పినచో విద్యార్థికి వస్తుతత్త్వము పేరులోనే తెలియును. రెంటిని ఉపగ్రహమనినచో నేదియుఁ దెలియదు.

సినిమావారి శాటిలైటు హక్కుల మాట వేఱు. ఉపగ్రహముపై హక్కును అందు నెవ్వఁడును అమ్ముట లేదు. టెలివిజనులోఁ బ్రసారము చేయు హక్కునే యమ్ముచున్నాఁడు. గంగపై గొల్లపల్లె యనునపుడు గంగాశబ్దము తీరమును దెలిపినట్లు, ఇది లక్షణచే నిర్వహింపఁదగును. ప్రసారహక్కనుట స్పష్టతరము.

రాజనీతిలోని ఉపగ్రహరాజ్యమునకు మాత్రము బలమైన పూర్వపక్షమొకటి కలదు. ఉపగ్రహశబ్దమునకు బందియనియు, సర్వస్వము నిచ్చి చేసికొను సంధియనియుఁ బ్రాచీనార్థములుండఁగా, పేరునకు స్వతంత్రమై పరుని యిచ్ఛకు లోఁబడిన రాజ్యమున కింతకంటెఁ దగిన మాట యెద్ది యని. ఈ వాదము రమణీయమే. విజయనగరప్రభువగు విజయరామరాజు కంపెనీవారికి లోఁబడక, 1794 జూలై 10న పద్మనాభముకడఁ బోరాడి మడిసెను. ప్రాణమునకై సర్వస్వము నిచ్చు ఉపగ్రహసంధి యాతనికి సమ్మతము కాలేదని కామందకుని పరిభాషలోఁ జెప్పవచ్చును. ఆతని కుమారుఁడగు నారాయణగజపతికి మిగిలినది కంపెనీవారికిఁ బేష్కసు చెల్లించు జమీ మాత్రమే. కాని యీ యర్థము నీతిశాస్త్రమును జదివినవానికే స్ఫురించును. వార్తాపత్రిక చదువువానికి స్ఫురించునది భూమిఁ జుట్టు చంద్రుఁడే. అనువాదకుఁడును గామందకునిఁ దలఁచి యీ మాటను బెట్టలేదు. ఆంగ్లపదమునకుఁ బ్రతిపదము పెట్టెను. యాదృచ్ఛికముగాఁ గుదిరినదానిని సాధుత్వమునకుఁ బ్రమాణముగాఁ గొనరాదు.

అయిన నీ యర్థమునకు మాటయేది? సామంతశబ్దము మొదట నెల్లలయందలి రాజును దెలిపి, పిమ్మట లోఁబడిన రాజును దెలిపినది. సామీప్యమునుండి పారతంత్ర్యమునకుఁ బోయిన దీని నడక శాటిలైటు నడకవంటిదే. కాని సామంతుని పారతంత్ర్యము బహిరంగము. రెండవ ప్రపంచయుద్ధానంతరమునఁ దూర్పు యూరపు రాజ్యములకు శాటిలైటులని పేరు వచ్చినపుడు వాని పారతంత్ర్యము ప్రచ్ఛన్నము. కావున వశవర్తిరాజ్యమనుట మేలు. అట్టి రాజ్యము క్రియ తానే చేయును, ఫలము పరునిది. వైయాకరణుల ఉపగ్రహము అడుగు ప్రశ్నయే యిచటను అడుగవలసినది.

ఖగోళమునందలి పిండములకును, మానవనిర్మితములకును ఉపగ్రహశబ్దము లోకవ్యవహారముచే స్థిరపడినది, వ్యుత్పత్తిచేతను సాధువు, దానిని మార్పఁబూనుట వ్యర్థము. తక్కినచోట్ల వాడుక యింకను స్థిరపడలేదు గనుక నిపుడే సవరించుకొనుటకు వీలున్నది. ఆంగ్లశబ్దమును జూచి మాట పెట్టక, అచటి వస్తువు సమీపవర్తియా, పరాశ్రితమా, వశవర్తియా యని విచారించి మాట పెట్టవలయును. అట్లు చేసినచో తీరమునఁ దుపానువార్త వినువానికి ఉపగ్రహమను మాట యొక్క యర్థమునే యిచ్చును, సందేహమునకుఁ దావుండదు.