విమానం పేజీ

ఈ వారం నా కోపమంతా విమానాల మీద. టికెట్ ధరల గొడవ కాదు, పిల్లల బొమ్మల పుస్తకాల్లో గీసే విమానాల గొడవ.

మా మేనకోడలు డాలస్ నుంచి వస్తూ, అక్కడి లైబ్రరీ వాళ్ళు చవగ్గా అమ్మేసిన పిల్లల పుస్తకాలు ఓ సంచీడు మోసుకొచ్చింది. వాటిలో సగానికి సగం పరాయి దేశం నుంచి దత్తు తెచ్చుకున్న పిల్లల కథలు. వాళ్ళ పక్కింటి తెల్ల దంపతులు మన దేశం నుంచే ఒక పాపని తెచ్చి పెంచుకుంటున్నారట. ఆ పాప కోసమని వెతకడం మొదలుపెట్టి, ఇదీ నాలాగే పిల్లల పుస్తకాల పిచ్చిలో పడింది.

వరసపెట్టి చదివాను. రోజ్ లూయిస్ రాసిన 'ఐ లవ్ యూ లైక్ క్రేజీ కేక్స్' (2000)లో ఒంటరి అమెరికన్ స్త్రీ చైనా వెళ్ళి పాపని తెచ్చుకుంటుంది. విమానం. కరెన్ కాట్జ్ 'ఓవర్ ద మూన్' (1997)లోనూ విమానమే. 'ద వైట్ స్వాన్ ఎక్స్‌ప్రెస్' (2002)లో నాలుగిళ్ళ వాళ్ళు కట్టగట్టుకుని గ్వాంగ్‌జౌ వెళతారు. వైట్ స్వాన్ అనేది అక్కడి హోటల్ పేరు. అమెరికా కాన్సులేట్ పక్కనే కాబట్టి, వీసా పని మీద వచ్చిన దత్తు తల్లిదండ్రులు అందులోనే దిగేవాళ్ళు. అలా దిగినవాళ్ళకి మాటెల్ కంపెనీ బార్బీ బొమ్మ ఒకటి కానుకగా దక్కేది: బంగారు జుట్టు బార్బీ, చేతుల్లో చైనా పాప. ఇంతకంటే వ్యాఖ్యానం నేను రాయలేను.

మన దేశంలో పుట్టిన ఉమా కృష్ణస్వామి రాసిన 'బ్రింగింగ్ ఆశా హోమ్' (2006) వీటిలో మెరుగు. రాఖీ కట్టే చెల్లెలు కావాలని అరుణ్ అనే పిల్లాడు కోరుకుంటాడు. ఇండియా నుంచి ఆ చెల్లెలు వచ్చేదాకా దాదాపు ఏడాది ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపంతా కాగితం విమానాలు మడుస్తాడు. చివరికి ఇక్కడా విమానమే!

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా చాదస్తం తెలిసిందే. బొమ్మల పుస్తకం అక్షరాలది కాదు, బొమ్మలది. చందమామలో శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి నేనెన్నిసార్లు తలుచుకున్నానో లెక్కగట్టి ఉత్తరాలు రాసే మిత్రులు కూడా ఉన్నారు. రాయండి. మాటలు పెద్దవాళ్ళు చదువుతారు, పిల్ల కళ్ళు బొమ్మ మీదుంటాయి. బొమ్మలో లేనిది పిల్ల లెక్కలో జరగనే లేదు. మామూలుగా ఇలాంటి పుస్తకానికి ఉండేవి 32 పేజీలు. వాటిలో విమానానికి చోటుంది, ఎయిర్‌పోర్టులో బెలూన్లు పట్టుకున్న చుట్టాలకి చోటుంది. కన్నతల్లికి? మహా అయితే ఒక వాక్యం. కర్ణుడు పెట్టెలో కొట్టుకొచ్చాడు సరే, ఆ పెట్టెని ఏట్లో వదిలిన చేతులు ఎవరివో వ్యాసుడు దాచలేదు కదా.

గ్రేస్ లిన్ 'ద రెడ్ థ్రెడ్' (2007)లో ఇంకో నేర్పు ఉంది. ఎర్ర దారం చైనా వాళ్ళ పాత నమ్మకం, అసలు పెళ్ళి సంబంధాలకి చెందినది. మన బ్రహ్మముడి లాంటిదే. దాన్ని దత్తుకి ముడేశారు. ఎక్కడో పుట్టిన పిల్లకీ ఎక్కడో ఉన్న తల్లిదండ్రులకీ ముందే దారం కట్టి ఉందన్నమాట. వినడానికి బాగుంటుంది. కానీ అంతా విధే రాసేశాక, పోలీసులు రాసుకోవలసింది ఏమీ మిగలదు.

పోలీసులు ఎందుకొచ్చారంటారా? 2001లో నేను హైదరాబాదులో ఒక పత్రిక డెస్కులో ఉన్నాను. దత్తత ఏజెన్సీల మీద దాడుల వార్తలు రోజూ వచ్చేవి. 1999లో ఒకసారి బయటపడి, సద్దుమణిగిందనుకున్న వ్యవహారమే మళ్ళీ పైకి తేలింది. నల్గొండ జిల్లా దేవరకొండ చుట్టుపక్కల లంబాడా తండాల్లో ఆడపిల్ల పుడితే దళారి గుమ్మంలో ఉండేవాడు. తల్లి చేతిలో కొద్దిపాటి డబ్బు పెట్టి పిల్లని తీసుకుపోయేవాడు. అక్కణ్ణించి హైదరాబాదు, అక్కణ్ణించి అమెరికాకో యూరప్‌కో. ఏజెన్సీలకి ముట్టేది డాలర్లలో. తండాలో ఎండిన చేనూ, మూడో కాన్పులోనూ ఆడపిల్లేనన్న ఈసడింపూ, అటు విదేశాల్లో పిల్లల కోసం పడిగాపులు కాసే ఇళ్ళూ, మధ్యలో కాగితాలు పుట్టించే మనుషులూ. ఆ వ్యాపారానికి కావలసినవన్నీ ఉన్నాయి.

మా డెస్కు మీదికి ఒక రోజు ఒక కాగితం జిరాక్సు వచ్చింది. బిడ్డని వదులుకుంటున్నట్టు తల్లి రాసిచ్చిన పత్రం. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కారణం అన్న చోట పేదరికం, ఇష్టపూర్వకంగా అన్న చోట ఇష్టపూర్వకంగానే. తల్లి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. కింద వేలిముద్ర. జిరాక్సులో గీతలన్నీ కలిసిపోయి అదొక నల్లటి మరకలా మిగిలింది. మా చీఫ్ సబ్ ఎడిటర్ దాన్ని దీపానికి ఎత్తి చూసి, "అమ్మా, ఈ మరకకి సాక్షి సంతకం మాత్రం ఎంత చక్కగా ఉందో చూశారా" అన్నారు.

ఆ ఏడాదే రాష్ట్ర ప్రభుత్వం, కన్నవాళ్ళు పిల్లల్ని అలా రాసివ్వడాన్ని నిషేధించింది. నియమాలు అంతకుముందు లేక కాదు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, 1984లో సుప్రీంకోర్టు విదేశీ దత్తుకి కట్టుబాట్లు పెట్టింది. ముందు స్వదేశంలో వెతకాలంది. దేశాల మధ్య దత్తతకి సంబంధించిన హేగ్ ఒప్పందంలో మనం 2003లో చేరాం. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, బిడ్డని అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. చైనా 2024లో తలుపులు దాదాపు మూసేసింది. తల్లిదండ్రులున్న పిల్లల్ని అనాథలుగా రాసి విదేశాలకి పంపారని దక్షిణ కొరియా విచారణ కమిషన్ 2025లో తేల్చింది. ఆ నల్లటి మరకలు ఒక్క దేవరకొండవే కావు.

కాబట్టి నా వాదన ఎటు పోతోందో మీకు అర్థమయ్యే ఉంటుంది: విమానం పేజీ తీసెయ్యండి, తండా పేజీ పెట్టండి. ఆ రెండు నెలల గడువుని బొమ్మగా గీయండి. సరే, నేనే గీద్దామని కాగితం ముందు కూర్చున్నాను. అద్దాల రవిక పెట్టాను. చేతి నిండా తెల్లటి గాజులు పెట్టాను. గుడిసె, వేపచెట్టు. కళ్ళలో నీళ్ళు పెట్టే చోటికి వచ్చి ఆగిపోయాను. ఏడ్చిందని నాకెవరు చెప్పారు? కోపంతో దళారిని తిట్టిందేమో. పురిటి మత్తులో ఉంటే అత్తగారు ఇచ్చేసిందేమో. పిల్ల చచ్చిపోయిందని చెప్పారేమో. ఆ పత్రంలో ఇష్టపూర్వకంగా అని టైపు చేసినవాడు చేసిన పనే నేనూ రంగు పెన్సిళ్ళతో చేస్తున్నాను. నువ్వంటే ప్రాణం కాబట్టే అమ్మ నిన్ను ఇచ్చేసింది అని రాసే పుస్తకాలదీ ఇదే పని. అది విన్న పిల్ల ఏమనుకుంటుంది? ప్రాణంగా చూసుకుంటే ఇచ్చేస్తారన్నమాట, ఈ అమ్మ కూడా నన్ను ప్రాణంగానే చూస్తోందే అని.

ఈ మాటే మేనకోడలితో అంటే అది నవ్వింది. "అత్తా, ఆ పాప ఏ పుస్తకం తీసినా విమానం దగ్గరే ఆపేస్తుంది. నేనెక్కడ కూర్చున్నాను అని అడుగుతుంది. వాళ్ళమ్మ కిటికీ పక్కన అంటుంది. ఏడ్చానా అంటే, దిగేదాకా ఏడ్చావంటుంది. రోజూ ఇదే."

అదీ సంగతి. ఈ కథ మొత్తంలో పక్కనున్న మనిషి కళ్ళారా చూసి చెప్పగలిగింది ఆ విమానం ఒక్కటే. అంతకుముందుదంతా ఎవరో చెప్పిందీ, ఎవరో టైపు చేసిందీ. చిత్రకారులు తప్పించుకోవడానికే గీసినా, ఆ పేజీకి మాత్రం సాక్షి ఉన్నాడు. ఉండనివ్వండి విమానాన్ని. తండా సంగతులు రాయాల్సింది మనం, పెద్దవాళ్ళ పుస్తకాల్లో, పేర్లతో, తేదీలతో. పదేళ్ళు వచ్చాక ఆ పిల్లే అడుగుతుంది. అప్పుడు ఫైలు తెరిచి చూపించేవాళ్ళు కావాలి, పెన్సిలు పట్టుకున్న నాలాంటివాళ్ళు కాదు.

ఇక ఆ సంచీలో నాకు పూర్తిగా నచ్చినది అలెన్ సే 'ఆలిసన్' (1997). యోకొహామాలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ చిత్రకారుడు, మాటల్లో మహా పిసినారి. అమ్మమ్మ పంపిన కిమొనో కట్టుకుని అద్దంలో చూసుకున్న ఆలిసన్‌కి తన ముఖం చేతిలోని బొమ్మ ముఖంలా ఉంది, పక్కనున్న అమ్మానాన్నల్లా లేదు. దూరదేశం నుంచి తనతోపాటు వచ్చిన బొమ్మ అది. ఎర్ర దారాలేవీ లేవు. పిల్లకి ఒళ్ళు మండుతుంది. అమ్మ చిన్నప్పటి బొమ్మనీ, నాన్న చిన్నప్పటి బేస్‌బాల్ గ్లవ్‌నీ పాడుచేసి పెడుతుంది. తర్వాత ఒక వీధి పిల్లి వస్తుంది, ఆ పిల్లితో కథ ఓ దారికి వస్తుంది. నాకు పిల్లి కంటే ఆ పాడైన బొమ్మే ముఖ్యం. పడుకోబెట్టడానికి చదివే అమ్మలు ఆ పేజీని గబుక్కున తిప్పేస్తారు. తిప్పనివ్వండి, పిల్లలు వెనక్కి తిప్పిస్తారు.