మూడు రంగుల లెక్క కంటిది

ఎరుపు, పసుపు, నీలం మూల రంగులని బడిలో పిల్లలు వల్లెవేస్తారు. సెల్‌ఫోన్ తెర మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలాలతో బొమ్మ కడుతుంది. రంగుల పత్రిక పేజీ అంచున సియాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కలు తరచూ వరసగా కనిపిస్తాయి. వీటిలో అసలైన మూల రంగులేవని అడిగితే, ఏవీ కావనే చెప్పాలి. వెలుగుకు మూల రంగులంటూ లేవు. మూడు అన్న లెక్క మన కంటిది. ఏ మూడన్నది చేతిలో ఉన్న సరుకును బట్టి తేలుతుంది.

ఇంద్రధనుస్సులో వెలుగు ఊదా నుంచి ఎరుపు దాకా తెంపు లేకుండా సాగుతుంది. దాన్ని మూడు పాళ్లు చేసేది రెటీనాలోని మూడు రకాల శంకు కణాలు. సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగాల దగ్గర ఒక్కో రకం ఎక్కువగా స్పందిస్తుంది. మెదడుకు చేరేది ఆ స్పందనల పొందికే. అందుకే ఎరుపు, ఆకుపచ్చ దీపాలు కలిపి వేస్తే, అసలు పసుపు తరంగం వీసమెత్తు లేకపోయినా పసుపే కనిపిస్తుంది. కంటికి మూడు రకాల గ్రాహకాలు చాలునని శాస్త్రవేత్త థామస్ యంగ్ 1802 నాటికే ఊహించాడు. మరో శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1861లో మూడు రంగుల వడపోతల గుండా తీసిన ఫొటోలను తెరపై ఒకదానిమీద ఒకటి వేసి రంగుల బొమ్మ చూపించాడు. చాలా పక్షులకు శంకు కణాలు నాలుగు రకాలు. వాటికే బడి ఉంటే మూల రంగులూ నాలుగయ్యేవి.

మరి పెడన కలంకారీ అద్దకం మాటేమిటని కృష్ణా తీరం వాళ్లు అడగవచ్చు. నీలిమందు ఎక్కిన గుడ్డపై పసుపు పడితే ఆకుపచ్చ వస్తుంది కదా, బడి పాఠం రుజువైనట్టే కదా? సగమే. నీలిమందు ఎరుపు వెలుగును మింగుతుంది, పసుపు రంగు నీలి వెలుగును మింగుతుంది. రెంటికీ చిక్కకుండా మిగిలేది ఆకుపచ్చ. అదే నీలి దీపం, పసుపు దీపం ఒకే గోడ మీద వేస్తే తెలుపుకు దగ్గరవుతుంది. అద్దకంలో జరిగేది తీసివేత, తెర మీద జరిగేది కూడిక.

ఎరుపును మరే రంగులు కలిపినా తయారుచేయలేమన్నది ఇంకో వాదన. చిరువేరు, పటికతో ఎరుపు తెచ్చిన పాతకాలపు అద్దకంవాళ్లకు అది నిజమే. కానీ తిరువూరులో వేలాడే ఫ్లెక్సీ మీది ఎరుపు, మెజెంటాపై పసుపు పడి పుట్టినదే. సియాన్ ఎరుపు వెలుగును, మెజెంటా ఆకుపచ్చ వెలుగును, పసుపు నీలి వెలుగును అదుపు చేస్తాయి; అంటే ఒక్కో సిరా దాదాపు ఒక్కో రకం శంకు కణానికి కళ్లెం. అయినా మూడూ కలిస్తే నిండు నలుపు రాదు, ముదురు గోధుమ రంగు దగ్గరే ఆగిపోతుంది. అందుకే ప్రెస్సువాళ్లు నల్ల సిరా విడిగా వాడతారు. కలంకారీవాళ్లూ తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టి నలుపును విడిగానే చేసుకుంటారు.

బడి పాఠాన్ని తీసేయనక్కర్లేదు. డ్రాయింగ్ మాస్టార్లు దానికి ఒక్క మాట చేరిస్తే చాలు: ఈ మూడూ మన పెట్టెలోని రంగులకు, మన కళ్లకు సరిపోయే లెక్క, వెలుగుకు దానితో పని లేదు.